రైలు కిటికీలో కొండ

మందస వెనక నీలంగా నిలబడే మహేంద్రగిరిని రోజూ వేలమంది దాటిపోతారు. ఎక్కేవాళ్ళు మాత్రం శివరాత్రికి తప్ప పెద్దగా కనబడరు. అడవిలోంచి నడిచి, పైకెక్కి, వెనక్కి తిరిగి చూస్తే ఎదురుగా బంగాళాఖాతం.

పలాసలో బండి ఆగగానే జీడిపప్పు పొట్లాలు లోపలికి వచ్చేస్తాయి. బేరం తెగేలోపు బండి కదులుతుంది. చిల్లర సరిచూసుకుని తలెత్తేసరికి మందస రోడ్డు స్టేషన్ వెనక్కి పోయి ఉంటుంది. హౌరా వైపు వెళ్ళేటప్పుడు ఎడమ కిటికీలో, కొబ్బరి తలల వెనక గోడలా నిలబడే కొండని మనలో చాలామంది చూడకపోవడానికి కారణం ఈ జీడిపప్పేనని నా అనుమానం. నేనూ ఇరవై ఏళ్ళు అలాగే తిరిగాను. ఒకసారి సిగ్నల్ ఇవ్వక బండి పొలాల మధ్య ఆగిపోయింది. ఎదురు సీట్లో పెద్దావిడ కిటికీకి చేతులు జోడించింది. ఎవరికమ్మా అంటే, "మహేంద్రగిరి నాయనా. పైన కుంతమ్మ గుడుంది" అంది. ఎక్కారా అని అడిగాను. "పెళ్ళి కాకముందు, శివరాత్రికి" అని, ఆ వయసు గుర్తొచ్చినట్టు నవ్వింది.

ఆ నవ్వు కోసమే ఈ ప్రయాణం అంటే అతిగా ఉంటుందేమో గానీ, ఆ నవంబరులోనే నేను మందసలో బస్సు దిగాను.

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. తూర్పు కనుమల్లో దీన్ని మించినవి ఉన్నాయి. అయితే అవి సముద్రానికి దూరంగా, మరో నాలుగు కొండల మధ్య తలదాచుకుని ఉంటాయి. ఇది తీరానికి పాతిక కిలోమీటర్ల దూరంలో, మందస వరిచేల వెనకనుంచి ఏ మొహమాటమూ లేకుండా లేచి నిలబడుతుంది. ఫోన్లో దీని పేరు కొడితే ముందు తమిళనాడులోని ఇంకో మహేంద్రగిరి వస్తుంది, ఇస్రో రాకెట్ ఇంజన్లు పరీక్షించే చోటు. హనుమంతుడు లంకకి ఎగిరిన మహేంద్రం ఆ దక్షిణాదిదేనంటారు. మనది పరశురాముడి మహేంద్రం. 2023 సెప్టెంబరు 1న ముంబైలో జలప్రవేశం చేసిన నౌకాదళం యుద్ధనౌకకి 'మహేంద్రగిరి' అని పేరు పెట్టింది ఈ కొండని తలుచుకునే. కొండ పేరు సముద్రంలోకి దిగిపోయింది. పక్క జిల్లావాళ్ళం, మనకే కొండెక్కడానికి తీరిక దొరకలేదు.

జీడితోటలు, చోడి చేలు

శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాది. కాళ్ళు మాత్రం శ్రీకాకుళం జిల్లాలోకి చాపుకుని కూర్చుంటుంది. ఒడిశా వైపునుంచి ఘాట్ రోడ్డుంది, జీపులూ కార్లూ గుళ్ళ దగ్గరదాకా పోతాయి. మందస వైపు కాలిదారి. నేను కాలిదారి ఎంచుకున్నాను. దానికి ధైర్యం కంటే అవగాహనలేమి ఎక్కువ కారణం.

తెల్లవారుజామున కొండకింది గూడెంలో నాకు దొరికిన తోడు అరవై దాటిన సవర తాత. భుజాన గొడ్డలి, మెడలో పాత మఫ్లరు, కాళ్ళకి ప్లాస్టిక్ చెప్పులు. నా బూట్లు చూశాడు, నన్ను చూశాడు.

"ఎక్కీగలరా బాబూ? మద్దిలో కూకుండిపోతే నాను మొయ్యలేను మరి."

"మోయక్కర్లేదు తాతా, మెల్లగా నడిపించు చాలు."

"మెల్లగానే నడుస్తాను. కొండకి తొందరేటి?"

ముందు జీడితోటలు. ఎండిన జీడాకు మీద అడుగేస్తే అప్పడం విరిగిన చప్పుడు. ఎండాకాలం పళ్ళు రాలే రోజుల్లో ఈ తోటల్లోకి ఒంటరిగా రావద్దని చెప్పాడు తాత. జీడిపండ్లకీ పనసపండ్లకీ ఎలుగుబంట్లు దిగుతాయి. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎలుగు దాడి వార్త లేని ఏడాది ఉండదు. ఏనుగులు కూడా ఇటునుంచి వచ్చినవే. గజపతి జిల్లా లఖారి అడవుల్లోంచి 2007 ప్రాంతంలో దిగివచ్చి, శ్రీకాకుళం, విజయనగరం చెరకు, అరటి తోటల రుచి మరిగాయి.

తోటలు అయ్యాక పోడు చేలు. వాలు మీద చోళ్ళు కోతకి వచ్చాయి. పైఊళ్ళలో రాగులు అంటే ఇక్కడ చోళ్ళు. మధ్యమధ్య కంది పచ్చగా పూతకొచ్చింది. కొండచీపుళ్ళు కోసి కట్టలు కట్టి దారిపక్కన నిలబెట్టారు, మందస సంతకి పోవాలి. అడ్డాకు మోపులతో ఇద్దరు ఆడవాళ్ళు దాదాపు పరుగెత్తుతూ దిగిపోయారు. మన పెళ్ళి భోజనాల విస్తళ్ళు ఇంత ఏటవాలు దారిలో దిగి వస్తాయని అప్పటిదాకా ఆలోచించలేదు. ఒకచోట తాత ఆగి, జీలుగు చెట్టుకి కట్టిన కుండ దించి, ఆకు దొన్నెలో నాకింత పోశాడు. జీలుగు కల్లు పొద్దుటపూట తియ్యగా ఉంటుంది. ఎండెక్కితే దాని స్వభావమూ తాగినవాడి స్వభావమూ మారతాయని ఆయనే చెప్పాడు. నేను ఒక దొన్నెతో ఆపేశాను. ఆయన ఆపలేదు. నడకలో తేడా కూడా లేదు.

గంటన్నర తర్వాత అడవి మూసుకుంది. వాగు వెంట చెట్లు బాగా ఎత్తు పెరిగి, వెదురు మీదికి ఒరిగి, ఎండ చిల్లర నాణేల్లా మాత్రమే కిందపడుతోంది. కరక, ఉసిరి, అడవిమామిడి నేను పోల్చుకోగలిగాను. మిగతావాటికి తాత సవరలో పేర్లు చెప్పాడు, నేను రాసుకున్నాను, ఇప్పుడు నా రాత నాకే అర్థం కావడం లేదు. మందుమొక్కలకి ఈ కొండ పేరు పెద్దది. తేమ పట్టిన రాళ్ళ మీద ఫెర్నులు, కొమ్మల మీద ఆర్కిడ్లు. గజపతి, గంజాం జిల్లాల్లో నాలుగువేల ఏడువందల చదరపు కిలోమీటర్ల మేర ఈ ప్రాంతాన్ని బయోస్ఫియర్ రిజర్వు చెయ్యాలని ఒడిశా ప్రభుత్వం ప్రతిపాదించింది. ఆ రాష్ట్రంలో సిమిలిపాల్ తర్వాత ఇది రెండోది.

వాగులో నీళ్ళు పడుతూ సవరలో నీళ్ళనేమంటారని అడిగాను. "డా" అన్నాడు. చిన్న మాటే. అయితే కంబోడియాలో నీళ్ళని పిలిచే 'తిక్' ఈ 'డా'కి దూరపు చుట్టం. సవర మాట తెలుగుకి గానీ ఒడియాకి గానీ బంధువు కాదు, ముండా శాఖది. ఆ కుటుంబం చుట్టాలు సముద్రం అవతల ఖ్మేరు, వియత్నామీయుల దాకా ఉన్నారు. ఈ సంగతి తాతకి చెబితే కాసేపు ఆలోచించాడు.

"అయితే ఆళ్ళు మా వాళ్ళే. ఎప్పుడో పిలుత్తాం."

నిలబడిన సముద్రం

సముద్రం మొదటిసారి కనబడింది సగందారి దాటాక, చెట్లు లేని ఒక బండ మీద. కూర్చుని బూటు విప్పుకుంటున్నాను. తాత గడ్డంతో వెనక్కి చూపించాడు. చూశాను, ఏమీ లేదు. కింద మందస చెరువులు, చేలు, రైలు కట్ట, ఆ తర్వాత ఉద్దానం కొబ్బరి తోటల ముదురు పచ్చ, దాని అంచున సన్నటి తెల్ల గీత, ఆపైన ఆకాశం. సముద్రమేదీ అన్నాను. "అదే కదా" అన్నాడు. నేను ఆకాశమనుకున్నదాంట్లో కింది సగం సముద్రం.

ఎత్తు నుంచి చూసేవాళ్ళకి సముద్రం కింద పరుచుకుని ఉంటుందని మనం ఊహించుకుంటాం. ఉండదు. నువ్వెంత ఎక్కితే దిగంతం అంత నీ కళ్ళ ఎత్తుకి లేచి వస్తుంది, నీళ్ళు గోడలా నిలబడతాయి. లెక్క ప్రకారం 1,501 మీటర్ల ఎత్తు నుంచి దిగంతం 138 కిలోమీటర్ల దూరం. గాలిలో తేమ అంతదూరం చూడనివ్వదు, అది వేరే సంగతి. తెల్ల గీత అలల నురుగు. పడవలు ఏమైనా కనిపిస్తాయేమోనని చాలాసేపు వెతికాను. చుక్క కూడా లేదు.

ఉద్దానం అంటే ఉద్యానవనమే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ ఉద్యానవనం కొబ్బరి చెట్లు వరసలకి వరసలు పడిపోయాయి. ఆ రాత్రి గూడెంలో ఎలా గడిచిందని అడిగితే తాత తుపాను గురించి చెప్పలేదు, తెల్లారాక సంగతి చెప్పాడు. వాన వెలిశాక కిందికి చూస్తే ఎప్పుడూ నల్లగా ఉండే చోట నేల తెల్లగా కనబడిందట. "కొబ్బరి లేదు బాబూ. ఇసకే." కొబ్బరి మళ్ళీ పెంచడం అంటే పిల్లాణ్ణి పెంచినట్టే, కాపుకి ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు పచ్చదనం తిరిగొచ్చిందనే అనిపిస్తుంది, ఇంత దూరం నుంచి.

పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివైపోయి, గడ్డి మొదలైంది. గాలి కూడా మొదలైంది. కింద చెమటలు కారిన చొక్కా పైన వణికించింది. ఇక్కడ పది డిగ్రీల తేడా ఉండడం మామూలే. ఆ చల్లదనం చూసే ఒకప్పుడు కలకత్తా దొరలు దీన్ని వేసవి విడిదిగా చేసుకుందామనుకున్నారు. ఆ ఆలోచన కాగితం మీదే ఆగిపోయింది. లేకపోతే ఈపాటికి ఇదీ మాల్ రోడ్డుతో, గుర్రపుస్వారీలతో, మొక్కజొన్న పొత్తులతో ఊటీ అయ్యేది.

ఐదున్నర గంటలు నడిచి, గుండె చేత్తో పట్టుకుని పైకి చేరేసరికి, బరంపురం నుంచి కారులో వచ్చిన కుటుంబం ఒకటి దుప్పటి పరిచి పులిహోర తింటోంది. నన్ను చూసి ఎటునుంచి వచ్చారని అడిగారు. మందస నుంచి, నడిచి, అన్నాను. జాలితో నాకూ ఓ ఆకు వేశారు.

జెండా పాతినవాళ్ళు

పైన గుళ్ళు పెద్దవి కావు. భీముడిది అన్నిటికంటే ఎత్తులో ఉంది. గుడి అనడం కంటే, నాలుగైదు మహాశిలల్ని ఎవరో బలవంతుడు విసుక్కుంటూ ఒకదానిమీద ఒకటి పెట్టి వెళ్ళిపోయినట్టుందనడం సబబు. భీముడి పేరు అందుకే నిలిచిందేమో. ధర్మరాజు గుడి, కుంతి గుడి కొంచెం దిగువన. కుంతి గుడిలోని శివుడే గోకర్ణేశ్వరుడు. వంశధార ఒడ్డున ముఖలింగంలో రాజధాని పెట్టుకున్న తూర్పు గాంగులు తమ రాగిరేకు శాసనాలు మొదలుపెట్టేదే మహేంద్రగిరి శిఖరం మీది గోకర్ణస్వామిని తలుచుకుని. పూరీ జగన్నాథుడు ఆ వంశానికి ఇలవేల్పు అయింది తర్వాతి కాలంలో.

ధర్మరాజు గుడి దగ్గర రాజేంద్ర చోళుడి శాసనాలున్నాయి, పక్కనే పులి, రెండు చేపల గుర్తు. పులి చోళులది, చేపలు వాళ్ళు ఓడించిన పాండ్యులవి. పదకొండో శతాబ్దంలో తంజావూరు సైన్యం ఇంతదూరం వచ్చి, ఈ కొండ మీద జయస్తంభం ఎత్తిందని ఆ శాసనాలు చెబుతాయి. రాజేంద్రుడంటే రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడికి మేనమామ, ఆ తర్వాత మామగారు కూడా. మన చుట్టరికాలు అలా కొండ దాకా వచ్చాయన్నమాట.

దీనికీ ముందు, నాలుగో శతాబ్దంలో, సముద్రగుప్తుడు దక్షిణాదిన ఓడించిన రాజుల జాబితా అలహాబాదు స్తంభం మీద చెక్కించాడు. అందులో పిష్టపురం, అంటే మన పిఠాపురం, పక్కనే 'మహేంద్రగిరి' అనే మాట వస్తుంది. అది పిఠాపురం రాజు పేరా, ఈ కొండా అని చరిత్రకారులు చాలాకాలం వాదించుకున్నారు. ఓడిపోయినవాడు మనిషో కొండో తేలకపోవడం నాకు ముచ్చటగా అనిపించింది. కాళిదాసు రఘువంశంలో రఘువు ఇటొచ్చి, మహేంద్రనాథుడి సంపద తీసుకుని నేల మాత్రం తిరిగి ఇచ్చేస్తాడు. ఆ కావ్యంలోనే ఇందుమతి స్వయంవరానికి వచ్చిన కళింగరాజుని చెలికత్తె పరిచయం చేసేది ఈ కొండకీ మహాసముద్రానికీ ఒడయుడని. ఇందుమతి దండ వెయ్యకుండా ముందుకి నడిచింది. ఆమె ఒకసారి ఆ బండ మీద కూర్చుని చూసి ఉంటే ఏం చేసేదో.

పరశురాముడి సంగతి మహాభారతంలోది. భూమంతా కశ్యపుడికి ధారపోసి తాను మహేంద్రం మీద ఉండిపోయాడు. తీర్థయాత్రలో పాండవులు ఇక్కడికి వస్తే, అష్టమి, చతుర్దశి రోజుల్లోనే ఆయన దర్శనమని చెబుతారు. పాండవులు చతుర్దశిదాకా ఆగి చూస్తారు. శివరాత్రీ చతుర్దశే. ఈ రెంటికీ సంబంధం ఉందని నేననను, కానీ ఆ రాత్రి ఇక్కడికి రెండు రాష్ట్రాలనుంచీ వేలమంది ఎక్కుతారు. మందస దారంతా టార్చిలైట్లే. "ఆ రాత్రి పడుకోనేరు బాబూ. చలికి జాగారమే, భక్తికి కాదు" అన్నాడు తాత. మర్నాడు మిగిలే ప్లాస్టిక్ సంచుల గురించి కూడా చెప్పాడు, ఆ మాటలు ఇక్కడ అచ్చు వెయ్యలేను.

ఇన్ని శాసనాల్లో, ఇన్ని కావ్యాల్లో, నాకు జీలుగు కల్లు పోసిన మనిషి తాలూకు మాట ఒక్కటీ లేదు. రాతిమీద సంస్కృతం ఉంది, తమిళం ఉంది. సవర లేదు. ఆ భాష కాగితం మీదికి రావడం వెనక కథ కొండ అవతలి వాలులో, పర్లాకిమిడిలో ఉంది. గిడుగు రామమూర్తి 1880లో అక్కడ బడిపంతులుగా చేరారు. సవర తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ మాట నేర్చుకున్నారు, సవర పిల్లలకి బళ్ళు పెట్టారు, వాచకాలు రాశారు. కొండల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్ ఆయన వినికిడిని తినేసింది. చెవులు పోయినా చెవులతో పోగుచేసినదాన్ని వదల్లేదు. 1931లో సవర భాషకి మాన్యువల్, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. వాడుకభాష ఉద్యమం వల్ల ఆయన్ని ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. అసలు మనుషులు మాట్లాడేదాన్ని అలాగే రాయాలన్న పట్టుదల ఆయనకి ఈ కొండల్లోనే గట్టిపడిందని నాకు అనిపిస్తుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయింది, కొండా అటు పోయింది. మందస, ఉద్దానం ఇటు ఉండిపోయాయి. గిడుగు పర్లాకిమిడి వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. అదే ఏడాది మంగేయ్ గొమాంగో సవరకి సొంత లిపి తయారుచేశాడు, సొరాంగ్ సొంపెంగ్ అని. గీత ఎక్కడ పడిందని తాతని అడిగాను. "మీకు తెలీదా?" అన్నాడు. ఆయన చెల్లెల్ని ఇచ్చింది ఒడిశా వైపు గూడేనికి. పింఛను ఇటు, పెళ్ళిళ్ళు అటు.

వెళ్ళాలనుకుంటే

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పలాస లేదా మందస రోడ్డులో రైలు దిగొచ్చు. కాలిదారికి గూడెంవాళ్ళ తోడు లేకుండా బయల్దేరడం తెలివితక్కువ. చీకటితో లేవాలి, నీళ్ళు, చలికోటు, రొట్టో అటుకులో దగ్గరుంచుకోవాలి. అటవీశాఖవాళ్ళకి ముందు చెప్పుకోవడం మేలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పర్లాకిమిడి మీదుగా బండిలో రావచ్చు, సిగ్గుపడక్కర్లేదు, నేనూ దిగింది అటే. 1900లో మహారాజు వేయించిన చిన్న రైలు పట్టాలు ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయి నౌపడ నుంచి పర్లాకిమిడికి పోతాయి. మందస వాసుదేవ పెరుమాళ్ గుడి ముందురోజే చూసుకోండి. మందస కోవా మాత్రం తిరుగు ప్రయాణంలో కొనండి. ముందు కొంటే కొండదాకా మిగలదు.

నాకు ఇంకో రోజు మిగిలింది. మహేంద్రగిరిలో పుట్టిన ఏరుకి మహేంద్రతనయ అని పేరు. ఆ పేరుతో కొండకి ఇద్దరు కూతుళ్ళు. ఒకతె పర్లాకిమిడి మీదుగా పోయి వంశధారలో కలుస్తుంది, ఇంకొకతె నేరుగా వచ్చి బారువ దగ్గర సముద్రంలో పడుతుంది. రెండోదాని కోసం బారువ వెళ్ళాను. సాయంత్రం వెలుగులో ఏటిమూతి దగ్గర ఇసక మీద ముగ్గురు వల బాగుచేసుకుంటున్నారు. పడమట కొండ, మొలదాకా మబ్బు కట్టుకుని.

ఎటునుంచి వచ్చావని అడిగారు. అదిగో అక్కడినుంచి అని చూపించాను. వాళ్ళలో పెద్దవాడు దారం నోట్లోంచి తీశాడు.

"ఎక్కీసినావా? నడిచే?"

"నడిచే."

"పైనుంచి మా తెప్ప అగుపడిందేటి?"

చాలాసేపు వెతికాను, అగుపడలేదన్నాను. అతను నమ్మనట్టు కొండకేసి చూశాడు.

"మాకైతే అది ఎంతదూరం పోయినా అగుపడతాది" అని మళ్ళీ వల అందుకున్నాడు.